సంతకం పెట్టని తల్లి: ఒక రోమా పిల్లాడి స్కూల్ కేసు

నేను ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ఊళ్ళో ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్‌ని. స్కూల్‌కీ ఇంటికీ మధ్య మాట తెగిపోయినప్పుడు దాన్ని మళ్ళీ కలపడం నా పని. ఈ కేసు గురించి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను, చివరికి ఆ తల్లినే అడిగాను. రాయి, కానీ మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టకూడదు అంది. అందుకే ఊరు చెప్పట్లేదు, వయసులు కొంచెం మార్చాను, ఇంట్లో మనుషుల వరసలు కూడా కొన్ని మార్చాను. తల్లిని మరియా అంటాను, అది తన పేరు కాదు. పిల్లాణ్ణి బాబు అనే రాస్తాను.

నేపథ్యం

మనవాళ్ళలో ఎక్కువమందికి జిప్సీలు అనే మాటే తెలుసు, ఆ మాట రోమా జనాల్లో చాలామందికి నచ్చదు, అందుకని నేను రోమా అనే రాస్తాను. దాదాపు వెయ్యేళ్ళ కిందట మన ఉత్తరాది వైపు నుంచి బయల్దేరి పర్షియా, ఆర్మేనియా, గ్రీస్ మీదుగా యూరప్ అంతా సర్దుకున్న జనం. వాళ్ళ రోమానీ భాష ఇప్పటికీ హిందీ, పంజాబీల కుటుంబానికి చెందిందే. నీళ్ళని పానీ అంటారు, ఉప్పుని లోన్ అంటారు, ముక్కుని నాఖ్ అంటారు. లంబాడీలూ రోమాలూ ఒకటే అని వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు చూసే ఉంటారు, నేనైతే అంత దూరం వెళ్ళను, రెండు భాషలూ ఒకే పెద్ద కుటుంబంలోవి అనడం వరకే నాకు తెలుసు. అయితే లంబాడీల సంగతి ఈ కేసులో వేరే రకంగా నాకు గుర్తొచ్చింది, అది తర్వాత చెప్తాను.

2004 మే 1న స్లొవేకియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక అక్కడి తూర్పు జిల్లాల నుంచి చాలా రోమా కుటుంబాలు మా వైపు ఊళ్ళకి వచ్చాయి. కోళ్ళ ఫ్యాక్టరీలు, వేర్‌హౌస్‌లు, క్లీనింగ్ పనులు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో మొదటిసారి రోమా అని విడిగా ఒక గడి పెడితే సుమారు 1,01,000 మంది అందులో టిక్ పెట్టారు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని ఈ పనిలో ఉన్న మా అందరి నమ్మకం, ఎందుకంటే ఆ గడిలో టిక్ పెట్టడానికి భయపడేవాళ్ళు మాకు రోజూ కనిపిస్తారు.

మరియాకి ముప్పై దాటాయి. భర్తది వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్. అత్తగారు వాళ్ళతోనే ఉంటుంది. బాబు ఇక్కడే పుట్టాడు, కానీ ముసలావిడ జబ్బుపడితే ఏడాదిన్నర పాటు అందరూ స్లొవేకియా వెళ్ళి ఉండొచ్చారు. ఆ ఏడాదిన్నర సరిగ్గా వాడు ఇక్కడ రిసెప్షన్ క్లాసులో, అంటే ఒకటో క్లాసుకి ముందు ఏడాదిలో, ఉండాల్సిన టైమ్. ఈ చిన్న విషయం ఎంత పెద్దదో నాకు అప్పుడు తట్టలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు

బాబుకి ఏడేళ్ళు, ఇయర్ 2. స్కూల్ పంపిన రెఫరల్‌లో రాసింది ఏంటంటే, చెప్పిన మాట వినడు, క్లాసులో ఒక్కసారి కూడా చెయ్యెత్తడు, అక్షరాలు కలిపి చదవలేడు, ఆటల్లో పక్క పిల్లల్ని తోస్తాడు. స్పెషల్ నీడ్స్ చూసే టీచర్, ఇక్కడ సెన్కో అంటారు, ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్‌తో ఒకసారి చూపిద్దాం అనుకుంది. దానికి తల్లిదండ్రుల సంతకం కావాలి. ఫారం మూడుసార్లు ఇంటికి పంపారు, మూడుసార్లూ ఖాళీగా తిరిగొచ్చింది, మూడోసారి తర్వాత పిల్లాడు స్కూల్ మానడం మొదలెట్టాడు. రెఫరల్ చివర్లో ఒక లైన్: "తల్లి సహకరించట్లేదు."

సెన్కో గురించి ఒక మాట చెప్పాలి, ఆవిడ మంచి మనిషి, పిల్లాడి మీద నిజంగా బెంగ ఉంది, సాయం లేటయ్యే కొద్దీ వాడు ఇంకా వెనకబడతాడన్న ఆవిడ లెక్క తప్పు కాదు. ఈ కేసులో నాకు చెడ్డవాళ్ళెవరూ కనపడలేదు, అందుకే ఇది నేర్పింది ఎక్కువ.

ముందు చేసినవి, ఎందుకు పనిచేయలేదు

నా మొదటి అంచనా చాలా మామూలుది. ఇంగ్లీష్ ఫారం అర్థం కాలేదు, అంతే అనుకున్నాను. స్లొవాక్‌లోకి అనువాదం చేయించి, ఫోన్‌లో స్లొవాక్ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని స్కూల్లో మీటింగ్ పెట్టాను. మరియా కుర్చీ అంచు మీద నిటారుగా కూర్చుని ప్రతిదానికీ ఆనో, ఆనో అంది, అంటే అవును అవును అని. నలభై నిమిషాల్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అర్థమైందా అంటే ఆనో, సంతకం పెడతారా అంటే ఇంటికెళ్ళి పెడతా అని. పెట్టలేదు. స్లొవాక్ ఆమెకి బాగా వచ్చు, సమస్య అది కాదు. స్లొవాక్ ఆమెకి ఆఫీసు భాష, పోలీసు భాష, టీచర్ భాష. ఆ భాషలో ఎదుటివాళ్ళు ఏమన్నా ఆనో అని బయటపడటం చిన్నప్పుడే అలవాటైపోయింది. ఆ అవునుని నేను అంగీకారం అనుకున్నాను.

రెండోది ఇంకా పెద్ద తప్పు. తూర్పు యూరప్‌లో రోమా పిల్లల్ని స్పెషల్ స్కూళ్ళలో వేస్తారని ఎక్కడో సగం పేజీ చదివి ఉన్నాను, ఇదే భయం అయ్యుంటుంది అనుకుని స్కూల్ గేటు దగ్గర మరియాతో, ఇది ఇంగ్లండ్ అండీ, ఇక్కడ అలా చెయ్యరు, భయపడకండి అన్నాను. అలా అంటే ఎలాగో ఆమె నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆమె నన్ను ఒకసారి చూసి పిల్లాడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది, మర్నాడు వాడు స్కూల్‌కి రాలేదు.

అప్పుడు స్కూల్లో జరిమానా మాట వచ్చింది. 2024 ఆగస్టు నుంచి ఇక్కడ రూల్ ఏంటంటే పది వారాల్లో పర్మిషన్ లేకుండా 10 సెషన్లు మానితే జరిమానా ఆలోచించాలి, పూటకి ఒక సెషన్ కాబట్టి అయిదు రోజులన్నమాట. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, దాటితే 160, తల్లికి వేరే తండ్రికి వేరే. బాబు అప్పటికి నాలుగు రోజులు మానాడు. ఇంకొక్క రోజు మానితే చాలు.

నేను రెండు వారాలు ఆగమని అడిగాను. ఊరికే జాలిపడి అడిగితే స్కూల్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా, అందుకని అటెండెన్స్ రిజిస్టర్ ముందేసుకుని ఆ నాలుగు రోజుల్లో స్కూల్లో ఏం జరిగిందో ఒక్కొక్కటీ చూశాను. ఒక రోజు సైకాలజిస్ట్ వేరే పిల్లల కోసం వచ్చిన రోజు. ఒక రోజు స్పీచ్ థెరపిస్ట్ వచ్చింది. ఒకటి నేను గేటు దగ్గర ఆ మాట అన్న మర్నాడు. ఇంకో రోజు పిల్లల ఫోటోలు తీయడానికి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. నాలుగుకి నాలుగూ బయటి మనిషి ఎవరో వస్తారని ఆమె అనుకున్న రోజులే. మిగతా అన్ని రోజులూ వాడు టైమ్‌కి, ఉతికిన యూనిఫామ్‌లో వచ్చాడు. ఇది చదువు పట్టని తల్లి పనిలా లేదు, పిల్లాణ్ణి ఎవరి కంటా పడకుండా దాచుకుంటున్న తల్లి పని. ఇప్పుడు జరిమానా వేస్తే ఆమె భయం నిజమని మనమే చేతిలో పెట్టినట్టు అవుతుంది. హెడ్ టీచర్‌కి ఆ కాగితం చూపించి ఇదే చెప్పాను. ఆయన ఆపారు.

ఫారం లేకుండా వెళ్ళిన రోజు

తర్వాత ఇంటికి వెళ్ళాను, బ్యాగులో ఫారం పెట్టుకోకుండా. కావాలనే పెట్టుకోలేదు, ఉంటే తీస్తానని తెలుసు. నువ్వు ఇండియానా అని ముసలావిడ అడిగింది, మేమూ అక్కడివాళ్ళమే అంది. కూర్చున్నాను. ఆ రోజు నేను అడిగింది ఒకటే, మీరు చిన్నప్పుడు ఏ స్కూల్లో చదివారు అని.

మరియా చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో, మధ్యలో స్లొవాక్ కలుపుతూ చెప్పింది. ఆరేళ్ళప్పుడు ఊరి బయట వాళ్ళ బస్తీ నుంచి తీసుకెళ్ళి ఒక గదిలో కూర్చోబెట్టారంట. ఒకావిడ బొమ్మల కార్డులు చూపిస్తూ ఇదేంటి, ఇదేంటి అని అడిగింది, స్లొవాక్‌లో. ఇంట్లో రోమానీ తప్ప ఇంకోటి లేదు. గొడుగు బొమ్మ చూపించింది, గొడుగంటే ఏంటో తెలుసు, రోమానీలో పేరూ తెలుసు, కానీ రోమానీ మాట్లాడితే తిడతారని అమ్మ చెప్పి పంపింది, అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను అంది. అది చెప్తూ రెండు పెదాలూ బిగించి చూపించింది, అచ్చం ఆరేళ్ళ పిల్లలాగా. పేపర్లో తేలికపాటి బుద్ధిమాంద్యం అని రాశారు. ఒసోబిట్నా ష్కోలా, అంటే అప్పటి స్పెషల్ స్కూల్‌లో వేశారు. అక్కాచెల్లెళ్ళు, పిన్ని పిల్లలు, బస్తీలో సగం మంది అక్కడే. పదేళ్ళొచ్చినా అక్షరాలకి రంగులేస్తూ ఉన్నారంట. పదిహేనేళ్ళకి జుట్టు కత్తిరించే పని నేర్చుకుందామని వెళ్తే ఆ స్కూల్ సర్టిఫికెట్ చూసి చేర్చుకోలేదు.

"మీరు నా కొడుక్కి కూడా దిలినో అని కాగితం ఇస్తారు" అంది. దిలినో అంటే తెలివిలేనివాడు.

అప్పుడు నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. మాది మహబూబాబాద్ వైపు, ఒకటో క్లాసులో తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్లలు నలుగురైదుగురు ఉండేవాళ్ళు, ఇంట్లో వాళ్ళ గోర్ బోలీ, బడిలో సార్ అడిగేది తెలుగులో. జవాబు చెప్పకపోతే బుర్ర ఎక్కదు అని వెనక వరసలో కూర్చోబెట్టేవారు. అందులో ఒకమ్మాయి ఆదివారం సంతలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చింతపండు తూచి, డబ్బులు తీసుకుని, చిల్లర ఒక్క పైసా తప్పు లేకుండా ఇచ్చేది, నేను మా నాన్నతో వెళ్ళి ఆ అమ్మాయి దగ్గరే కొన్నాను. సోమవారం మళ్ళీ వెనక వరస. అప్పుడు నేనూ ఏం అనలేదు, నాకూ ఆరేళ్ళే, కానీ ఇన్నేళ్ళ తర్వాత మరియా ముందు కూర్చుంటే ఆ తక్కెడ కళ్ళముందుకొచ్చింది.

మరియా చెప్పింది ఒక్క కుటుంబం దురదృష్టం కాదు. పక్క దేశం చెక్ రిపబ్లిక్‌లో ఓస్త్రవా ఊరికి చెందిన 18 మంది రోమా పిల్లలు వేసిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు గ్రాండ్ చాంబర్ 2007 నవంబర్ 13న తీర్పిచ్చింది, ఇది వివక్షే అని. ఆ ఊళ్ళో రోమా పిల్లాడు స్పెషల్ స్కూల్లో పడే అవకాశం మిగతా పిల్లలకంటే 27 రెట్లు ఎక్కువ అని ఆ కేసులో లెక్కలు చూపించారు. తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అని చెక్ ప్రభుత్వం వాదిస్తే, వివక్ష లేకుండా ఉండే హక్కుని సంతకంతో వదులుకోవడం కుదరదు అని కోర్టు చెప్పింది. ఆ భాగం చదివినప్పుడు, స్కూల్ మూడుసార్లు ఇంటికి పంపించిన ఫారం గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. స్లొవేకియా మీద యూరోపియన్ కమిషన్ 2015లో చర్య మొదలెట్టి, రోమా పిల్లల్ని వేరు చేసి చదివించడం ఆగలేదని 2023లో యూరోపియన్ యూనియన్ కోర్టుకి పంపింది. అంటే మరియా సంతకం పెట్టకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, స్కూల్ మీటింగ్ గదిలో ఉన్న అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

చెవి

అదే రోజు ఇంకోటి చూశాను. బాబు నేల మీద పడుకుని ఫోన్‌లో కార్టూన్ చూస్తున్నాడు, సౌండ్ ఫుల్లుగా పెట్టి, ఫోన్‌ని చెవికి ఆనించుకుని. వంటింట్లోంచి ముసలావిడ రెండుసార్లు పిలిచింది, తిరగలేదు. దగ్గరికొచ్చి కాలితో నేల మీద దబ్బున కొట్టింది, అప్పుడు తిరిగాడు. ఇంట్లో అందరికీ అది ఎంత అలవాటంటే ఎవరూ దాన్ని పట్టించుకోలేదు కూడా. ముసలావిడ నా వైపు తిరిగి "నా షునెల్" అంది. నాకు తెలుగు సాయపడలేదు గానీ హైదరాబాద్ హిందీ సాయపడింది, సున్‌నా అంటే వినడం కదా. కాన్? అని నా చెవి పట్టుకుని చూపించాను. కాన్, కాన్, అని తల ఊపింది.

రిసెప్షన్ వయసులో ఇక్కడ స్కూళ్ళలో పిల్లలకి చెవి టెస్ట్ చేస్తారు. వాడు ఆ టైమ్‌కి స్లొవేకియాలో ఉన్నాడు. ఎవరి తప్పూ లేకుండా జారిపోయింది.

అక్కడ నేను తీసుకున్న నిర్ణయం, సైకాలజిస్ట్ మాట పూర్తిగా పక్కన పెట్టి ముందు చెవి చూపించడం. రెండు కారణాలు. ఒకటి, పిల్లాడికి వినపడుతుందో లేదో తెలియకుండా తెలివి గురించి ఏ టెస్ట్ చేసినా దాన్ని నమ్మలేం, ఇది ఎలాగూ ముందు జరగాల్సిన పని. రెండోది, చెవి మెషిన్ ఎవరికీ దిలినో అని కాగితం ఇవ్వదు. మరియా వెంటనే ఒప్పుకుంది, ఆ వారమే జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గరికి తనే తీసుకెళ్ళి రెఫరల్ రాయించుకుంది. సహకరించని తల్లి అని రాసిన మనిషే.

ఇంటర్‌ప్రెటర్ విషయంలో మళ్ళీ దెబ్బతిన్నాం. ఈసారి రోమానీ కావాలని బుక్ చేశాను, ఏజెన్సీ పంపింది రొమేనియా రోమానీ మాట్లాడే ఆయన్ని. మాండలికం వేరు, సగం అర్థం, సగం ఊహ. ఊహతో పిల్లాడి ఆరోగ్య చరిత్ర రాసుకోవడం నాకు ఇష్టం లేక ఆ అపాయింట్‌మెంట్ ఆపేసి మళ్ళీ బుక్ చేయించాను, మూడు వారాలు పోయాయి, అయినా అదే సరైన పని అనుకుంటున్నాను. వేరే స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేసే ఒక రోమా అమ్మాయి సాయం చేస్తానంది, నేను ఒప్పేసుకోబోయాను, మరియా వద్దంది. ఆ అమ్మాయి వాళ్ళ వీధిలోనే ఉంటుంది, సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుందని భయం. అడిగి మంచిపని చేశాను. చివరికి ఇంకో సిటీ నుంచి తూర్పు స్లొవేకియా రోమానీ మాట్లాడే ఆవిడ వీడియోలో దొరికింది.

రెండు చెవుల్లోనూ గ్లూ ఇయర్, అంటే కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు చేరి శబ్దం సరిగ్గా లోపలికి వెళ్ళదు. నీళ్ళలో మునిగి పైన మాట్లాడేవాళ్ళని వింటే ఎలా ఉంటుందో వాడికి క్లాసు అలా ఉంది అని ఆడియాలజిస్ట్ చెప్పింది. మూడు నెలలు ఆగి మళ్ళీ చూశారు, తగ్గలేదు, గ్రోమెట్స్ అని చిన్న గొట్టాలు పెట్టారు. ఈలోపు స్కూల్లో మొదటి వరసలో కూర్చోబెట్టి, వాడి మొహంలోకి చూసి మాట్లాడటం మొదలెట్టారు. రిపోర్ట్ చదివాక వాళ్ళ క్లాస్ టీచర్ కాసేపు ఏం మాట్లాడలేదు. తోసేవాడు అన్నారు కదా, వెనక నుంచి ఎవరొస్తున్నారో వినపడక ఉలిక్కిపడి తోసేవాడు.

తర్వాతే కష్టమైన భాగం

ఇక్కడితో ఆపేస్తే చాలా మంచి కథ. నిజానికి నాకూ ఫైల్ మూసేద్దామనే ఉంది. కానీ గ్రోమెట్స్ పెట్టి ఒక టర్మ్ గడిచినా చదవడంలో వాడు చాలా వెనకే ఉన్నాడు, రెండేళ్ళు మూగబోయిన శబ్దాలతో నేర్చుకున్న ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం, ఒక్కరోజులో సర్దుకోదు, దానికి తోడు రెండు భాషలు. సెన్కో మళ్ళీ సైకాలజిస్ట్ మాట ఎత్తింది, ఈసారి మెల్లగా. మరియా మొహం మళ్ళీ పాత మొహం అయింది.

తల్లికి అన్యాయం జరిగింది కాబట్టి ఆమె వద్దంటే వద్దు అని ఊరుకోవడం గౌరవంలా కనిపిస్తుంది, కానీ దాని ఖరీదు పిల్లాడు కడతాడు. అలాగని ఒత్తిడి పెడితే మళ్ళీ ఆ కార్డుల గది అవుతుంది. అందుకని ఆమెని అడిగాను, ఏం తెలిస్తే మీరు సంతకం గురించి ఆలోచిస్తారు అని. మూడు ప్రశ్నలు అడిగింది. ఆ కాగితం ఎక్కడికి వెళ్తుంది? ఎవరెవరు చూస్తారు? నన్ను అడక్కుండా వాణ్ణి వేరే స్కూల్లో వేయగలరా?

మొదటి రెండూ ఈజీ. మూడోదాని దగ్గర ఎప్పటికీ వేయరు అని చెప్పేయాలనిపించింది, చెప్పలేదు, ఎందుకంటే అది అబద్ధం, ఒకసారి గేటు దగ్గర తెలియకుండా భరోసా ఇచ్చి చూశాం కదా. చట్టంలో ఏముందో అదే చెప్పాను. చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ యాక్ట్ 2014 ప్రకారం ఈహెచ్‌సీపీ, అంటే ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లలకి స్థానిక కౌన్సిల్ రాసిచ్చే ప్లాన్, లేని పిల్లలు చదవాల్సింది మామూలు స్కూల్లోనే, మినహాయింపులు చాలా తక్కువ. ప్లాన్ ఉన్నా సెక్షన్ 33 కింద తల్లిదండ్రులు మామూలు స్కూలే కావాలంటే కాదనడానికి ఒకటే దారి, మిగతా పిల్లల చదువు దెబ్బతింటుందని కౌన్సిల్ చూపించాలి. చూపించినా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. సైకాలజిస్ట్ చూసినంత మాత్రాన ప్లాన్ రాదు, అది వేరే పెద్ద ప్రాసెస్. ఇదంతా ఒక్క పేజీలో రాసి, రోమానీ చదవడం ఆమెకి అలవాటు లేదు కాబట్టి ఇంటర్‌ప్రెటర్‌తో చదివించి ఆమె ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసిపెట్టాను. ఆ రికార్డింగ్ భర్తకీ, అత్తకీ వినిపించింది. పది రోజుల తర్వాత తనే ఫోన్ చేసి ఒక షరతు పెట్టింది, టెస్ట్ జరుగుతున్నప్పుడు తను కూడా గదిలో ఉంటానని. సైకాలజిస్ట్ ఒప్పుకుని ముందు ఒకరోజు ఇంటికొచ్చి పిల్లాడితో ఆడుకుని వెళ్ళాడు.

మాటలు అక్కర్లేని పజిల్స్, బ్లాకులు ఎక్కువ వాడారు, మాటలున్న చోట రోమానీలో చెప్పినా రాసుకున్నారు. బొమ్మలు ఉన్న పేజీ తెరిచినప్పుడు మరియా నా మోచెయ్యి పట్టుకుంది. బాబు ఒకదానికి ఇంగ్లీషులో, ఇంకోదానికి రోమానీలో, ఇష్టమొచ్చినట్టు చెప్పుకుంటూ పోయాడు, గట్టిగా. రిపోర్ట్‌లో వాడి ఆలోచనా శక్తి వయసుకి తగ్గట్టే ఉందని వచ్చింది, ఫోనిక్స్‌లోనూ మాటలు గుర్తుపెట్టుకోవడంలోనూ సాయం కావాలని వచ్చింది. ప్లాన్ అవసరం రాలేదు, స్కూల్లోనే వారానికి నాలుగు రోజులు చిన్న గ్రూపులో చదివిస్తున్నారు. ఇంకా వెనకబడే ఉన్నాడు, కానీ గ్యాప్ తగ్గుతోంది.

ఈ కేసు తర్వాత నా పని కొంచెం మారింది. కొత్త కుటుంబం వస్తే పిల్లాడి గురించి అడిగేకంటే ముందు మీ స్కూల్ రోజులు ఎలా ఉండేవి అని అడుగుతున్నాను, రోమా కుటుంబాలనే కాదు, అందరినీ. ఏ భాష అని అడిగి ఆగకుండా ఏ ప్రాంతం మాట అని కూడా అడుగుతున్నాను. చెవి, కన్ను చూపించారా లేదా అన్నది రెఫరల్ ఫారం మొదటి పేజీలోకి మార్పించాను. ఇక సహకరించట్లేదు అనే మాట రాయడం మానేశాను, ఏ తేదీన ఏం అడిగాం, వాళ్ళేం చేశారు అన్నది మాత్రమే రాస్తున్నాను. అలా రాస్తే ఆ ఫోటోగ్రాఫర్ వచ్చిన రోజు లాంటివి కాగితం మీదే కనిపిస్తాయి.

ఒకటి మాత్రం మారలేదు. మొన్న స్కూల్ వాళ్ళు వివరాల ఫారం కొత్తగా నింపమన్నారు, మరియా నన్ను పక్కన కూర్చోమంది. జాతి అనే చోట జిప్సీ లేదా రోమా అని ఒక గడి, ఇతర తెల్లవారు అని ఇంకో గడి. మొదటి గడిలో టిక్ పడితే స్కూల్ లెక్కల్లో ఈ పిల్లలు కనిపిస్తారు, వీళ్ళ కోసం రోమానీ మాట్లాడే స్టాఫ్‌ని అడగడానికి మాకు బలం వస్తుంది, అది నాకు తెలుసు, ఆమెకీ ఒకసారి చెప్పాను. పెన్ను ఆ గడి మీద కాసేపు ఆగింది. తర్వాత కిందకి జరిగి ఇతర తెల్లవారు దగ్గర టిక్ పెట్టింది. నేను ఏం అనలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ఫారం నా చేతికిచ్చింది.